కొలిమి కిటికీ

“ఇది మా నాన్న కథ కాదు వదినా!”

ఆడపడుచు చేతిలోని కాగితాన్ని బల్లమీద బోర్లించింది. కోడలి ముఖం చిన్నబోయింది. మూడు రోజులు కూర్చుని, కొట్టేసి, దిద్ది, మళ్ళీ రాసిన కాగితమది!

మామగారు పోయి ఏడాదైంది. ఆ సాయంత్రం మాజీ సైనికుల సంఘం వాళ్ళు బడి వరండాలో సభ పెట్టారు. ఆయన గురించి ఇంట్లోవాళ్ళే నాలుగు ముక్కలు చదవాలన్నారు. కొడుకు చూడబోతే నలుగురిలో నిలబడాలంటేనే ముచ్చెమటలు పోసే మనిషి. అందుకే ఆ పని కోడలి నెత్తిన పడింది. సైన్యంలో ఆరేళ్ళు కమ్మరిగా చేయడం, ఫిరంగుల మోతకి కుడి చెవి పోవడం, ఒక బూడిదరంగు కంబళితో ఊరికి తిరిగొచ్చి నలభై ఏళ్ళు పెరట్లో కొలిమి నడపడం, అన్నీ రాసింది. చివర్లో, ‘యుద్ధ భయం ఆయన్ని కడదాకా వదల్లేదు. పెద్దతనంలో చేతిపట్టు తప్పి పని మానేశారు’ అని ముగించింది.

“ఇందులో తప్పేముంది? ఊరంతా ఎరిగిందేగా,” అంది నొచ్చుకుంటూ.

ఆడపడుచు కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టింది. తరువాత, నాన్నకిచ్చిన మాట ఇక నిలుపుకోలేననీ, ఆ కంబళి తీసుకుని కొలిమి దగ్గరికి రమ్మనీ చెప్పి పెరట్లోకి నడిచింది.

కంబళి కోడలి పెట్టెలోనే ఉంది. దాన్ని తీస్తుంటే అది అక్కడికెలా చేరిందో గుర్తొచ్చింది...

నాలుగేళ్ళ కిందటి మాట. మామగారి దగ్గు చూడలేక, ఆయన కూతురింటికి వెళ్ళిన పది రోజుల్లో మేస్త్రీని పిలిపించి, చీకటి గుహలాంటి ఆ కొలిమికి ఇంత పెద్ద అద్దాల కిటికీ పెట్టించింది. అందులో ఆమెకి కల్మషం లేదు. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. ఆయన తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయి, కాసేపటికి, “వెలుతురు బాగుంది తల్లీ,” అన్నారు. మర్నాడు చూస్తే కిటికీకి కంబళి వేలాడుతోంది! ఆమె నవ్వుకుని తీసేసింది. ఆయన మళ్ళీ కట్టారు. మళ్ళీ తీసింది. మూడోసారి మాత్రం ఉతికి, మడిచి, తన పెట్టెలో పెట్టేసుకుంది. ఇరుగుపొరుగు అడిగితే, పాపం, పైన విమానాలు తిరుగుతున్నాయని ఇంకా భయపడుతున్నారని జాలిగా చెప్పింది.

ఆ తరువాతే గొడ్డళ్ళు విరగడం మొదలైంది. ఒకరోజు కట్టెలు కొట్టే ఆసామి పెరట్లోకొచ్చి, వాడిన రెండో రోజే అంచు పెచ్చులూడిపోయిందని కేకలేశాడు. నలుగురూ పోగయ్యారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

“చేతకానప్పుడు మానేయొచ్చుగా మామయ్యా... మా పరువు కూడా తీయాలా!”

ఆయన సుత్తిని దాగలి దిమ్మ మీద పెట్టి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆ తలుపు మళ్ళీ తెరవలేదు. తను అన్నది ఆయనకి వినబడి ఉండదులే అని ఆమె ఎన్నోసార్లు సర్దిచెప్పుకుంది. చెవుడు కుడి చెవికి. ఆమె ఆరోజు నిలబడింది ఎడమవైపు.

కోడలు కంబళితో కొలిమిలోకి వచ్చేసరికి ఆడపడుచు అప్పటికే బొగ్గులు రాజేసింది. చిన్నప్పుడు తండ్రి పక్కన తిత్తి ఊదిన చెయ్యి అది, పని మరిచిపోలేదు. ఇనుప కడ్డీ ఒకటి నిప్పులో పెట్టి, కాసేపాగి పటకారుతో పైకి తీసింది. “ఏ రంగుంది వదినా?”

కిటికీలోంచి ఎండ ధారగా పడుతోంది. “రంగేముంది? మసి రంగే.”

ఆడపడుచు కడ్డీని మళ్ళీ నిప్పులో పెట్టి, కంబళిని కిటికీకి కట్టింది. గది చీకటైంది. ఈసారి కడ్డీ తీస్తే, పండుమిరపకాయంత ఎర్రగా ఉంది!

“ఇందాకా ఇంతే ఎరుపు. నీకు కనబడలేదంతే. ఆ రంగు చూసే నాన్న ఇనుముని నీళ్ళలో ముంచేవారు. వెలుతుర్లో అది తెలియదు. ఇంకా కాలలేదనుకుని ఇంకాస్త కాలుస్తారు. కాక ఎక్కువైతే పెళుసెక్కిపోతుంది. సైన్యంలో శత్రువులకి నిప్పు కనబడకుండా కంబళ్ళు కట్టుకుని పనిచేసేవాళ్ళట. ఆ చీకట్లోనే రంగు పట్టడం నేర్చుకున్నారు. భయమా వదినా అది?”

కోడలు కిటికీకి కట్టిన కంబళి వంక చూసింది. కిటికీ తీసేయనా తల్లీ అని ఒక్క మాట అడిగితే ఏం పోయేది ఆయనకి! ఆ మాటే పైకి అంది, వెక్కుతూ.

“నాన్నతో నేనూ అదే అన్నాను. నువ్వు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. ఒట్టు పెట్టించుకున్నారు. పిల్ల నా దగ్గు చూసి పెట్టించింది, నాకోసం ఒకరు కిటికీ పెట్టించడం నా బతుకులో ఇదే మొదలు, అది తీయమని ఏ నోటితో చెప్పను... అన్నారు.”

ఆమె ఏడుపు ఆ గదిలో చాలాసేపు వినబడింది. ఆడపడుచు ఆపమనలేదు.

సాయంత్రం సభలో కోడలు కాగితం విప్పలేదు. ముందు వరసలో కట్టెలు కొట్టే ఆసామి కూర్చున్నాడు. అతని ముఖంలోకే చూస్తూ చెప్పింది. “మా మామగారి చెయ్యి ఏనాడూ తప్పలేదు. మీ గొడ్డలి విరగడానికి కారణం నేను. ఇనుము రంగు తెలియాలంటే ఆయనకి చీకటి కావాలి. ఆ చీకటి నేను తీసేశాను. పైగా చేతకానివాడివని నలుగురిలో అన్నదీ నేనే. భయపడ్డారని ఊరంతా చెప్పిందీ నేనే. ఆ రెండూ అబద్ధాలు.”

ఆమె భర్త తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. సభ అయ్యాక ఆ ఆసామి దగ్గరికొచ్చి, కేకలేసింది తనూ కదమ్మా, తనకి మాత్రం కారణం అడగాలని తోచిందా అన్నాడు. అతని ఇంట్లో మామగారు చేసిచ్చిన పాత గొడ్డలి ఒకటి ఇప్పటికీ పనిచేస్తోందట. ఆ మాటకి ఆమె మనసులోని బరువు దిగిపోలేదు. దిగిపోవాలని ఆమె కోరుకోనూ లేదు.

ఇంటికొచ్చి తిన్నగా కొలిమిలోకి వెళ్ళింది. పొద్దుటి నిప్పు ఎప్పుడో చల్లారింది. కంబళి కిటికీకి అలాగే ఉంది. ఒక మూల జారితే సరిచేసి గట్టిగా ముడేసింది. ఆయన కూర్చునే ముక్కాలిపీట దగ్గరికి నడిచి, ఒక్క క్షణం ఆగి, ఎడమవైపుకి వచ్చి నిలబడింది.

“చీకటి బాగుంది మామయ్యా,” అంది.