వాగుకు ఇవతల

విజిల్!

మళ్లీ విజిల్... ఈసారి దగ్గరగా!

శాంతిరాజు కందిలి పట్టుకుని చౌకీ ముందుకు దూకుతాడు. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు. వత్తి కొసప్రాణంతో కొట్టుకుంటోంది.

వాగుకు అవతల పంజగుట్ట బండలు. ఆ బండల మధ్య నుంచి ఎవడో పరుగెత్తుకొస్తున్నాడు. వెనకాలే టార్చిలైట్లు!

"ఆగు! కాలుస్త!" శాంతిరాజు భుజాన ఉన్న తుపాకీ అందుకుంటాడు.

వాడు ఆగడు. వాగులోకి దూకుతాడు. పడతాడు. లేస్తాడు. ఇవతలి గట్టు మీద బోర్లా పడతాడు.

శాంతిరాజు కందిలి ఎత్తుతాడు.

వెలుగు ముఖం మీద పడుతుంది!

యేసురాజు... సొంత తమ్ముడు!

"అన్నా... దాచిపెట్టు! సంపుతరు నన్ను!"

టార్చిలైట్లు అవతలి గట్టు దాకా వచ్చి ఆగుతాయి. ఆగక తప్పదు. అటు సర్కారీ ఇలాకా. ఇటు అమీర్‌పేట... ‘పైగా’ అనే జాగీర్దారీ వంశపు నవాబుగారి ఇలాకా. ఇక్కడి పోలీసు వేరు, కచేరీ వేరు. సర్కారీ పోలీసు ఇక్కడ మనిషిని పట్టుకోవాలంటే పైగా కచేరీ మంజూరీ చూపించాలి. అది లేనిదే ఎంత పెద్ద సాబైనా ఈ గట్టెక్కడానికి లేదు. ఎక్కనీయకపోవడమే పైగా జవాను శాంతిరాజు నౌకరీ.

"శాంతిరాజూ! వాణ్ని గిటు నూకు!"

గొంతు పంజగుట్ట ఠాణా పెద్ద, అమీన్ రాజనర్సయ్యది. చేతిలో రివాల్వర్.

"మంజూరీ ఉన్నదా సాబ్?"

"ఖూనీ కేసురా అది!"

"ఏ కేసైతేంది సాబ్... కాయిదం తెండ్రి."

అమీన్ నవ్వుతాడు.

"కాయిదం నమిలి బతికేటట్టున్నవ్ గదరా! తెస్త. తెల్లారనియ్యి."

చౌకీ లోపల యేసురాజు తడి చొక్కా పిండుకుంటున్నాడు. పంజగుట్ట ఠాణా లాకప్‌లో నీళ్లు మోసే పని వాడిది. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు.

"ఎవర్ని సంపినవ్‌రా?"

"నేనా! మన వాడకట్టు చంద్రమ్మ మొగుణ్ని కొట్టి సంపింది అమీనే అన్నా! తీసుకొచ్చి లోపలేసిండ్రు. యాడా రాయలే. చంద్రమ్మ దినాం సద్ది కట్టుకొని వస్తుండె. ఈడ లేడు పో అంటుండ్రి. వాని మూలుగు నేను ఇంటుంటి గదన్నా..."

"తర్వాత?"

"నిన్న సచ్చిండు. పీనుగను బండలల్ల పడేసిండ్రు. నేను పొయి చంద్రమ్మకు చెప్పిన. గంతే! నేనే సంపిన్నని నా మీదేసిండ్రు!"

శాంతిరాజు అవతలి గట్టు వైపు చూస్తాడు.

"నన్ను పోనియ్యి అన్నా. బేగంపేట మీదికెల్లి సికింద్రాబాదుల పడ్త. ఆడ తెల్లోళ్ల హుకుం. దొరక!"

వాడు లేస్తాడు. గుమ్మం దాటబోతాడు.

శాంతిరాజు రెక్క పట్టి లాగుతాడు!

"ఉరికితె నువ్వే సంపినట్టు ఒప్పుకున్నట్టురా! కాయిదం మీద పట్టుకపోతె ఏం జేయలేరు. మర్నాడు పొద్దుగూకేలోపు మున్సిఫ్ ముందట నిలబెట్టాలె. ఆడ చెప్పు... చూసిందంత చెప్పు."

"చంద్రమ్మ మొగుణ్ని నిలబెట్టిండ్రా?"

"వానికి కాయిదం రాయలే. అందుకే సచ్చిండు. నీకు రాయిస్త!"

యేసురాజు అన్న ముఖంలోకి చూస్తాడు. చిన్నప్పటి నుంచీ అన్న మాటే వాడికి మాట.

కూర్చుంటాడు.

పొద్దెక్కుతుంది. బేగంపేట వైపు నుంచి విమానం ఒకటి రొద చేసుకుంటూ పోతుంది. అమీన్ వస్తాడు. వెంట ఇద్దరు జవాన్లు. చేతిలో కాగితం!

శాంతిరాజు చదువు మూడో తరగతితో సరి. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. పేరు... తండ్రి పేరు... మొహరు ముద్ర... దస్కత్. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేలు పెట్టడానికి సందు లేదు.

"ఒంటి మీద దెబ్బ లేదని రాయుండ్రి సాబ్."

అమీన్ రాస్తాడు.

"రేపు పొద్దుగూకేలోపు మున్సిఫ్ ముందట పెడ్తమని రాయుండ్రి."

అదీ రాస్తాడు.

"ఇంకేమన్న ఉన్నదా? పొద్దుగాల ఏం తిన్నడో సుత రాయాల్నా?"

జవాన్లు పకపకా నవ్వుతారు. శాంతిరాజు నవ్వడు. అమీన్‌కు అంత ఓపిక ఎక్కడిదో... అదీ తట్టదు అతనికి.

ఖైదీని చేతులు కట్టి అప్పగించాలి. రూలు. తాడు తీసుకుని తనే కడతాడు.

"జర వదులుగ కట్టన్నా. నొస్తుంది."

"వదులుగుంటె ఉరికెటందుకే అంటరు తమ్మీ."

బిగించి కడతాడు!

"మాపటికి సద్ది తెస్తవా?"

"తెస్త."

"ఈడ లేడు పో అంటె?"

"అనలేరు. దస్కత్ ఉన్నది."

యేసురాజు వాగులోకి దిగుతాడు. ముందు జవాన్లు, వెనక అమీన్. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. అవతలి గట్టు ఎక్కుతారు. శాంతిరాజు కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు...

ముందున్న జవాన్లిద్దరూ పక్కకు జరుగుతారు.

ఎందుకు?

ఢాం!

యేసురాజు ముందుకు కూలిపోతాడు!

"ఉరకబోయిండు!" అమీన్ కేక. "చూసిండ్రు గద!"

"చూసినం సాబ్!"

శాంతిరాజు పరుగెత్తుతాడు. నీళ్ల అంచున కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అలవాటు! ఏళ్ల తరబడి అందరినీ ఆపిన చోటు...

దిగుతాడు.

"ఏయ్! ఇది నా ఇలాకా! మంజూరీ ఉన్నదా?"

అమీన్ అరుపు వినపడదు. వినడు. తమ్ముణ్ని చంకల కింద పట్టి లేపుతాడు. ఊపిరుంది... ఇంకా ఉంది! నీళ్లలోకి లాగుతాడు. వాగు ఎర్రబడుతుంది.

"తీస్కపో, తీస్కపో! నీ తమ్ముడే గద, బొందవెట్టుకో!"

అమీన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ముసలి జవాను అతని చెవి దగ్గరికి వంగుతాడు.

"సాబ్... ఆ గట్టు మీద సస్తె పంచనామా ఆళ్లది. కేసు ఆళ్ల కచేరీలకు పోతది. చేతులు కట్టేసి ఉన్నయి సాబ్... ఉరికిండంటె ఎవలు నమ్ముతరు?"

నవ్వు ఆగిపోతుంది!

ఇవతలి గట్టు. శాంతిరాజు ఒడిలో తమ్ముడి తల.

"అన్నా..."

"చెప్పు తమ్మీ. నేనీడనే ఉన్న."

"అన్నీ... రాయించినవ్ గదన్నా?"

దెప్పడం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. లెక్కలో ఎక్కడ తప్పు పోయిందో అర్థంకాని బడి పిల్లాడిలా.

శాంతిరాజు తల ఊపుతాడు.

తమ్ముడు చూస్తూనే ఉన్నాడు. రెప్ప మాత్రం పడటం లేదు.

ముడి విప్పబోతాడు. తడిసి బిగుసుకుపోయింది. గోళ్లతో గీకుతాడు. పళ్లతో లాగుతాడు. రాదు... తన చేతి ముడి... రాదు!

నీళ్ల చప్పుడు.

అమీన్ వాగు దాటి వస్తున్నాడు. ఒక్కడే. చేతిలో రివాల్వర్.

"శవం ఇటియ్యి!"

ఇవతలి గట్టు మీద కాలు పెడతాడు.

శాంతిరాజు తమ్ముడి తలను మెల్లగా గడ్డి మీద దించుతాడు. భుజాన ఉన్న తుపాకీ తీస్తాడు. లేచి నిలబడి గురిపెడతాడు.

అమీన్ ఆగుతాడు. పైనుంచి కిందకి చూస్తాడు. మెల్లగా నవ్వు తిరిగి వస్తుంది.

"కాల్వవు నువ్వు. సొంత తమ్ముణ్నే రూలు తప్పకుంట కట్టి ఇచ్చినోనివి. నన్ను ముట్టాలంటె సుత పైనుంచి హుకుం గావాలె... తెలుసు గద నీకు?"

"తెలుసు సాబ్."

"ఉన్నదా మరి?"

శాంతిరాజు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోడు. వేలు తుపాకీ మీట మీదికి పోతుంది.

"లేదు సాబ్."

ఢాం!