నాలుగు ఆరులు

పిడుగు బడి నుంచి వచ్చేసరికి వంటగది బల్ల మీద ఐదు గాజు గ్లాసులు, వాటి ముందు అమ్మమ్మ. ఒక్కో గ్లాసులో పటిక కలిపిన నీళ్లు, అందులో దారానికి వేలాడుతూ ఒక పటిక పలుకు. అమ్మమ్మ ఒక్కోదాన్నీ బయటికి తీసి, స్కేలుతో కొలిచి నోట్‌బుక్కులో రాస్తోంది.

వారం రోజులుగా ఇదే తంతు. చూసినప్పుడల్లా పిడుగు గుండెల్లో రాయి పడుతోంది.

సైన్సు ప్రాజెక్టుకని పిడుగు కూడా ఇలాగే పటికను పెంచింది. రోజూ కొలిచి రాయాలి. మధ్యలో నాలుగు రోజులు మరిచిపోయింది. ఆటల్లో పడితే అన్నమే గుర్తుండదు, ఇక పటికేం గుర్తుంటుంది? ఐదో రోజు కొలిస్తే పన్నెండు మిల్లీమీటర్లు. ఖాళీగా ఉన్న నాలుగు గడుల్లో అంతకుముందు రాసిన ఆరునే దించేసింది. ఎవరు చూడొచ్చారులే అనుకుంది.

అమ్మమ్మ చూసింది. నలభై ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబుల్లో పనిచేసిన మనిషాయె. నాలుగు రోజులు ఆగిపోయిన పటిక ఒక్క రాత్రిలో రెట్టింపు ఎలా అయిందో తేల్చాలని ఆ సాయంత్రమే గ్లాసులు సర్దింది. మోకాళ్ల నొప్పులు కూడా లెక్కచేయడం లేదు.

"ఐదూ రోజూ పెరుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగట్లేదు. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నా," అంది అమ్మమ్మ.

తను సరిగ్గా కొలవలేదేమోనని పిడుగు గొణిగింది. సగం నిజంతో బయటపడదామని ఆశ.

"నువ్వు కళ్లారా చూసి రాశావు కదమ్మా. నేను ల్యాబులో చేరిన కొత్తలో, అమ్మాయి కొలిచిందంటే నమ్మేవాళ్లు కాదు. ఇంకొకళ్లతో మళ్లీ కొలిపించేవాళ్లు. చిన్నపిల్లవని నీ మాట కొట్టిపారేస్తే వాళ్లకీ నాకూ తేడా ఏముంది?"

పిడుగుకి తల కొట్టేసినట్లయింది. తిట్టినా బాగుండేది అనిపించింది. నేల వైపే చూస్తూ, "ఆ నాలుగు రోజులూ నేను చూడనేలేదు అమ్మమ్మా. ఊరికే రాసేశా," అంది.

అమ్మమ్మ స్కేలు పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, గదిలోకి వెళ్లి పడుకుంది. ఆ పూట పిడుగుకి అన్నం సహించలేదు.

మర్నాడు బడిలో పిడుగు ఆ నాలుగు ఆరులూ కొట్టేసింది. పక్కన 'చూడలేదు' అని రాసి, తనే తీసుకెళ్లి టీచరుకి చూపించింది. టీచరు మార్కులు తగ్గించింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా గ్లాసుల ముందు కూర్చుంది. మొదటి పటికను కొలిచింది. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది.

"ఎంత?" గుమ్మంలోంచి అమ్మమ్మ అడిగింది.

"తొమ్మిది."

అమ్మమ్మ దగ్గరికొచ్చి, స్కేలు ముట్టకుండానే నోట్‌బుక్కులో తొమ్మిది అని రాసుకుంది.