అన్నీ సరైన జవాబులే

"చెప్పులు బయటే విప్పు! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

లోపల్నుంచి తల్లి గొంతు వినగానే పెద్దమ్మాయి చెప్పులు గడప అవతలికి నెట్టేసింది. మందుల షాపుకి సెలవు పెట్టి పొద్దున్నే పరిగెత్తుకొచ్చిన మనిషిని పలకరించే తీరు ఇదా అని గొణుక్కుంది కూడా. ఇంతలో వెనకనుంచి, "ఎప్పుడొచ్చావే? కాఫీ తాగావా?" అని వినబడింది. తిరిగి చూస్తే, పాల ప్యాకెట్లు పట్టుకుని వీధిలోంచి వస్తోంది తల్లి.

పెద్దమ్మాయికి ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే.

కర్టెన్లు వేసిన ముందు గదిలో, తల్లి కుట్టుమిషను పక్కన కూర్చుని ఉన్నాడు పండు. ముప్పై దాటిన మనిషి. మీసం కింద పెదవులు ఆగకుండా కదులుతున్నాయి.

"గ్యాసు వాసనొస్తే కట్టేస్తాను, కిటికీలు తీస్తాను. పేరడిగితే నవ్వుతూ చెప్పాలి. నేల చూపులు చూడకూడదు."

అచ్చం అమ్మ గొంతే. మధ్యలో వచ్చే ఆ పొడిదగ్గు కూడా అమ్మదే. కళ్ళు మూసుకుంటే ఎదురుగా అమ్మే ఉందనిపించేలా ఉంది.

"వీడెప్పట్నుంచి ఇలా మాట్లాడుతున్నాడమ్మా?"

"బాగా మాట్లాడుతున్నాడుగా! నేర్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది తెలుసా."

పండు వయసు పెరిగింది గానీ, బుద్ధి ఐదేళ్ళ పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు తల్లికి గుండె ఆపరేషన్ చేయాలంటున్నారు డాక్టర్లు. ఇలాంటివాళ్ళని చూసుకోవడానికి ప్రభుత్వం ఇంటికి మనిషిని పంపిస్తుంది. తల్లిదండ్రులు పోయాక ఉండడానికి చోటూ ఇస్తుంది. అందుకు పండు అర్హుడో కాదో చూడ్డానికి ఈవేళ ఆఫీసరమ్మ వస్తోంది. అది తేలేదాకా ఆస్పత్రి గుమ్మం తొక్కనని తల్లి భీష్మించుకు కూర్చుంది.

"వాడికి అన్నీ వచ్చని చూపిస్తే సాయం ఎందుకిస్తారమ్మా?"

"నువ్వూరుకోవే. వీణ్ణి చంకనేసుకుని ఎన్ని బడుల మెట్లెక్కానో నీకేం తెలుసు? జవాబు చెప్పలేదని ప్రతివాడూ బయటికి పంపినవాడే. ఈసారి పాసై తీరాలి."

ఇంకో మాట అనేలోపే బెల్లు మోగింది.

ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు. కుర్చీ పండు దగ్గరికి జరుపుకుని ఒక్కొక్కటే అడిగింది. పండు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "వంట చేసుకోగలనండీ. పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉంటానండీ." తల్లి నోరు మెదపలేదు. అయినా గదిలో వినబడుతున్నది ఆవిడ గొంతే. ఆఫీసరమ్మ ఒకటికి రెండుసార్లు తల్లి పెదవుల వైపు చూసింది. ఆఫీసరమ్మ చేతులమీద రోమాలు నిక్కబొడుచుకోవడం పెద్దమ్మాయి కంటపడింది.

"అన్ని పనులూ సొంతంగా చేసుకుంటాడంటే మా సాయం అవసరం లేనట్టేనండీ. అర్హత రాదు."

తల్లి గబుక్కున లేచింది. "అదేంటమ్మా! అన్నీ సరిగ్గానే చెప్పాడుగా!"

"నిజం చెప్పవే అమ్మా!" పెద్దమ్మాయి గట్టిగా అరిచింది.

"వాడి ముందా? నా బిడ్డకి ఏదీ రాదని వాడి మొహం మీదే చెప్పమంటావా? కన్నతల్లి నోటితో?"

"మరి నువ్వు పోతే వీడి గతేంటి?"

పండు లేచి నిలబడ్డాడు. ఎవరివైపూ చూడలేదు. కుడిచెయ్యెత్తి తన తల తనే నిమురుకోసాగాడు.

"నేనెక్కడికీ పోలేదురా పండూ. ఇక్కడే ఉన్నాను. ఏడవకు. పడుకో నాన్నా."

తల్లి గొంతుతోనే అన్నాడు. పక్కనే ఉన్న తల్లిని వదిలేసి ఖాళీ మూలకేసి చూస్తూ అన్నాడు. తను పోయాక ఈ గదిలో జరగబోయేదేమిటో తల్లి కళ్ళారా చూసింది. అమ్మ గొంతుతో తనని తనే జోకొట్టుకుంటూ, ఆకలేసినా అన్నం పెట్టుకోలేని కొడుకు. ఆవిడ గుండె చేత్తో పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"పండూ, భయంగా ఉందా?" ఆఫీసరమ్మ మెల్లగా అడిగింది.

ఈ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. పండు తల్లి పెదవుల కోసం వెతికాడు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. చివరికి, ముద్దముద్దగా, బండగా ఒక మాట బయటికొచ్చింది.

"బయ్యం."

అది పండు సొంత గొంతు. ఎన్నేళ్ళయిందో ఆ తల్లి విని!

ఆవిడ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "రాసుకోండమ్మా. వీడికి పొయ్యి ఆర్పడం రాదు. గుండీలు పెట్టుకోవడం రాదు." కొడుకు ఎంత చిన్నబుచ్చుకున్నాడో అని భయపడుతూనే వాడి మొహంలోకి చూసింది.

పండు నవ్వుతున్నాడు. "రాదు," అన్నాడు హాయిగా తలూపుతూ. "గుండీ రాదు."

"ఇది చాలమ్మా. మనిషిని పంపించమని నేనే రాస్తాను. మీరు ధైర్యంగా ఆస్పత్రికి వెళ్ళండి," అంది ఆఫీసరమ్మ.

పండు తల్లి భుజమ్మీద తల వాల్చి, ఆఫీసరమ్మ కలం వైపు వేలు చూపించాడు. "నీళ్ళోసుకోడం కూడా రాదు!"

"అదీ రాసుకోండమ్మా," అంది తల్లి వెక్కుతూ. "వాడే చెప్తున్నాడు."