ఇంజన్‌ల తప్పేం లేదు

భరత్ కొత్త కారు నంబర్ ప్లేటు చూడగానే నాకు కడుపు మండింది. కారును చూసి కాదు. కారు మంచిదే, జపాన్ కంపెనీది. డబ్బులుంటే నేనూ అదే కొనేవాణ్ని. మండింది ప్లేటు మీది అక్షరాలను చూసి.

అది 2011 సెప్టెంబర్. సకల జనుల సమ్మె మొదలై వారం కాలేదు. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. జనగామ చౌరస్తాలో టెంటు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరం అక్కడే. బండి ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాయించుకోవడం అప్పటి ముచ్చట. రాసేది మనోరమ, సైన్‌బోర్డుల అంజయ్య కూతురు. ఆమె రాసే 'జీ'కి కింద చిన్న తోక తిరుగుతుంది. తండ్రి చేతికి కూడా రాని తోక అది.

ఆ తోక భరత్ కారు మీద ఉంది. నా బైకు మీద లేదు.

నా పేరు విద్యాసాగర్. లింగాల ఘనపూర్ మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటును. టెంటులో మాత్రం అందరూ 'జపాన్' అంటారు. నాకు సొంత కారు లేదు కానీ కార్ల పిచ్చి తలకెక్కి ఉంది. ఏ జపాన్ కంపెనీ ఏ ఇంజన్ చేసిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా దిక్కు ఎవరు పాత బండి కొన్నా ముందు నాకు వినిపిస్తారు. ఇంజన్ మంచిదో కాదో శబ్దం విని చెప్తాను. ఆ విషయంలో ఇప్పటిదాకా ఒక్క అబద్ధం ఆడలేదు.

మనోరమ అంటే నాకు రెండేళ్లుగా ప్రాణం. ఆ ఒక్క సంగతి తప్ప ప్రపంచంలోని కార్ల సంగతులన్నీ ఆమెకు చెప్పాను.

"నా బండి నాలుగు దినాల సంది నీ ముందే ఉన్నది. భరత్ మానుకోటల పొద్దున బయలెల్లి ఇట్ల దిగిండో లేదో, అట్ల రాసిచ్చినవ్" అన్నాను. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. భరత్ వాళ్లకు అక్కడ పెద్ద బట్టల షాపు ఉంది, అంజయ్య కాకాతో పాత పరిచయం.

"వచ్చిపోయేటోళ్లకు ముందు రాయాలె గదా. నీదేముంది, ఎప్పుడన్న రాస్త" అంది మనోరమ, బ్రష్షు ముంచుతూ.

నాదేముంది అనేసింది. అంతే, నాకు ఇంకా మండింది.

ఆ రోజు పేపర్లో ఒక కార్ల వార్త పడింది. నా ఖర్మకు సరిగ్గా ఆ రోజే పడింది. ఒక జపాన్ కంపెనీ, ఒక జర్మనీ కంపెనీ రెండేళ్ల కింద చేతులు కలిపాయి. జర్మనీవాడు జపాన్‌వాడి కంపెనీలో వాటా కొన్నాడు. ఇప్పుడు జపాన్‌వాడు ఇటలీవాళ్ల డీజిల్ ఇంజన్లు తీసుకున్నాడట. మాట తప్పావని జర్మనీవాడి కోపం. నీ పొత్తే వద్దు పొమ్మని జపాన్‌వాడి జవాబు.

నేను పేపరు మడిచి, ఆమెకు వినబడేలా గట్టిగా మొదలుపెట్టాను.

"చూసినవా? ఒకలతోని పొత్తు పెట్టుకొని ఇంకొకల ఇంజన్ తెచ్చుకున్నది జపాను. జర్మనీకి మండదా మరి?"

"జర్మనీ వాటా ఎంత?" అంది మనోరమ తలెత్తకుండానే.

"నూటికి ఇరవైల జర తక్కువ."

"ఇరవై గూడ లేదు, ఇల్లంత నాదే అంటె ఎవలు ఊకుంటరు? జపాను మంచి పని చేసింది."

"మంచిగన్నవ్ బిడ్డా! మన కొట్లాట గూడ గదే" అని టెంటులో ముందు వరసలో కూర్చున్న బుచ్చయ్య తాత చప్పట్లు కొట్టాడు. టెంటంతా నవ్వింది. భరత్ కూడా నవ్వాడు. వాడి పళ్లు అంత తెల్లగా ఉండటం నాకు నచ్చలేదు.

"అసలు గా ఇటలీ ఇంజన్‌ల ఏమున్నదట అంత?" అన్నాను వాడి కారు వైపు చూస్తూ.

మనోరమ బ్రష్షు ఆపింది. "సాగర్, నువ్వు జపాను ముచ్చట చెప్తున్నవా, నా ముచ్చట చెప్తున్నవా?"

"ఎవల ముచ్చట వాళ్లకు తెలుస్తది."

"అయితె గిది గూడ చెప్పు. నీ వాటా ఎంత? ఎన్నడన్న అడిగినవా నువ్వు?"

ఆమె రంగు డబ్బా మూత పెట్టి లేచింది. "నీతోని పనుండి వచ్చిన ఇయాల. ఇగ చెప్ప, పో."

ఆ తర్వాత పది రోజులు మాటల్లేవు. నేను మాత్రం అన్నీ చూస్తూనే ఉన్నాను. భరత్ వచ్చాడంటే అంజయ్య కాకా కుర్చీ వేస్తాడు. మనోరమ చాయ్ తెస్తుంది. ముగ్గురూ గుసగుసలాడుకుంటారు. ఒకసారి ఆమె వాడి కారు బానెట్ లేపించి లోపల ఏదో చూపించుకుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇంజన్ గురించి చెప్పాల్సింది నేను కదా!

పెత్రామాస, అంటే భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ చౌరస్తాలోనే ఆడారు. ఆ సందట్లో మనోరమ ఓ పక్కకు పోయి ఫోన్ మాట్లాడుతోంది. నేను వినాలని వినలేదు. సరే, వినాలనే విన్నాను.

"ఆ, పెత్రామాస ఎల్లినంక అని ఆగినం. ఆదివారం కురవిల పూజ. భరత్ వాళ్లింటోళ్లు అందరొస్తున్రు. బాపుకైతె మస్తు నచ్చింది. నాకా? నాకు గూడ నచ్చింది. ఇగ ఇంటికొస్తె బాపు తిప్పలు తప్పుతయి."

మా దగ్గర పెళ్లి ఖాయం చేసుకునేది వరపూజతోనే. రెండు కుటుంబాలు, కురవి గుడి, పూజ. ఇంకేం కావాలి? ఆ ఐదు రాత్రులూ నేను నిద్రపోలేదు. ఒకసారి పోనీలే అనుకున్నాను. మరోసారి ఎట్లా పోనిస్తాను అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే బైకు తీశాను.

పాలకుర్తి దగ్గర రోడ్డు మీదే వంటావార్పు. పొయ్యిలు, డేగిసాలు, జెండాలు. ముత్తమ్మ అనే అవ్వ గరిటె అడ్డం పెట్టి ఆపింది.

"ఏం పిలగా, నీ బండి మీద ఇంకా ఏపీనే ఉన్నదేంది?"

"ఒకామె రాస్త అన్నది అవ్వా. రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"కొట్లాట పెట్టుకున్న."

"నీది తప్పా, ఆమెది తప్పా?"

"అవ్వా, జర తొందరున్నది. ఆమెకు ఇయాల వరపూజ."

అవ్వ ఒక్క క్షణం నన్ను పైనుంచి కిందికి చూసింది. గరిటె తీసేసింది. "ఓరి పిచ్చోడా! ఇంకా ఈడనే నిలబడ్డవేంది? ఉరుకు!"

ఉరికాను. తొర్రూరు దాటాను, మానుకోట దాటాను. కురవి వీరభద్రస్వామి గుడి ముందు అందరూ కనబడ్డారు. భరత్, వాడి అమ్మానాన్నలు, చేతిలో పళ్లెంతో అంజయ్య కాకా, ఆకుపచ్చ పట్టుచీరలో మనోరమ. అయ్యగారు కొబ్బరికాయ పైకెత్తాడు.

"ఆపుండ్రి!" అని అరిచాను. "పూజ ఆపుండ్రి!"

అయ్యగారి చెయ్యి గాల్లోనే ఆగింది. అందరూ నా వైపు తిరిగి కొంచెం పక్కకు జరిగారు. అప్పుడు కనబడింది. పూలదండ భరత్ మెడలో లేదు. తెల్లటి పాత ఓమ్ని వ్యానుకు ఉంది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద పసుపు కుంకుమ.

భరత్ వాళ్ల పాత బండి అది. కొత్త కారు వచ్చాక దాన్ని అంజయ్య కాకాకు ఇస్తున్నారు. పాతికేళ్లుగా సైకిలు మీద నిచ్చెన పెట్టుకుని తరిగొప్పుల దాకా బోర్డులు రాయడానికి పోయే మనిషి ఆయన. ఐదు రోజులు నా ప్రాణం తీసిన పెళ్లికొడుకు ఈ ఓమ్ని అన్నమాట.

కాకా ముఖం వాడిపోయింది. "ఏందిర సాగరూ? ఇంజన్‌ల ఏమన్న తప్పున్నదా?"

ఎంత మంచి దారి దొరికింది! ఔనంటే చాలు. నా పరువు దక్కుతుంది. కాకా కూడా నమ్ముతాడు, ఎందుకంటే ఈ విషయంలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"మా బండికేమైంది? పదేండ్లు పువ్వు లెక్క చూసుకున్నం" అన్నాడు భరత్ నాన్న నొచ్చుకుని.

మనోరమ నన్నే చూస్తోంది. ఆమెకు సగం అర్థమైనట్టుంది. "చెప్పు జపాన్. పూజ ఎందుకు ఆపాలె?"

నేను జవాబు చెప్పకుండా వ్యాన్ ఎక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. అవ్వ చల్ల చిలుకుతున్నట్టు ఒకే వరసలో కొట్టుకుంటోంది. దగ్గు లేదు, గురక లేదు. ఇంత మంచి ఇంజన్‌ను పట్టుకుని బాగలేదని ఎట్లా అనను? ఆపి కిందికి దిగాను.

"ఇంజన్‌ల తప్పేం లేదు మామా" అన్నాను. "తప్పు నాదే."

అనేశాక గానీ తెలియలేదు ఏమన్నానో. అంజయ్య పళ్లెం కింద పెట్టాడు.

"నిన్నటిదాక కాకా అంటివి. ఇయాల మామనెట్లయిన్రా?"

కాకా అంటే బాబాయి, ఆయన బిడ్డ చెల్లె అవుతుంది. మామ బిడ్డ కాదు. ఇది తెలియనివాళ్లు ఆ గుడి ముందు ఎవరూ లేరు. భరత్ వాళ్ల అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇక దాచడానికేమీ మిగలలేదు.

"వరపూజ అనుకున్న మామా. భరత్‌తోని. ఆపనీకె వచ్చిన."

"నాతోనా?" భరత్ పగలబడి నవ్వాడు. "అన్నా, నా పెండ్లి నాకు చెప్పకుంటనే చేస్తివా!"

మనోరమ నవ్వలేదు. "ఆనాడు నీతోని పనున్నదంటిని కదా, గిదే. బండి ఒక్కసారి విను అని అడుగుదామనుకున్న. నువ్వు జర్మనీ అంటివి, ఇటలీ అంటివి. ఇగ భరత్ దగ్గరనే బానెట్ లేపి నేర్చుకున్న. ప్లేటు చూసినవు, ఫోన్ల మాటలు విన్నవు, ఇంత దూరం ఉరికొచ్చినవు. నన్ను అడగనీకె మాత్రం నీకు నోరు లేదు."

"కుళ్లుకున్న మనోరమా. మస్తు కుళ్లుకున్న. వాడు నవ్వినా, నువ్వు వానికి చాయ్ పోసినా ఓర్వలేకపోయిన." ఒక అడుగు ముందుకేశాను. "ఇప్పుడు అడుగుతున్న. నేనంటె నీకు ఇష్టమేనా?"

"నాయనా, కాయ కొట్టాలా వద్దా? చెయ్యి గుంజుతున్నది" అన్నాడు అయ్యగారు.

"జర ఆగుండ్రి. మా బిడ్డ ఏమంటదో విననియ్యుండ్రి" అన్నాడు అంజయ్య.

మనోరమ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తండ్రిని చూసింది. వ్యానును చూసింది. చివరికి నన్ను చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవుల మీద మాత్రం కోపమే.

"రెండేండ్ల సంది దినాం గంటసేపు గేర్లు, పిస్టన్లు, జపానోళ్లు. ఒక్కనాడన్న చాలు అన్ననా? నాకు కార్లంటె ఇష్టమనుకున్నవా సాగర్?"

అంజయ్య మామ అయ్యగారి వైపు తిరిగాడు.

"ఇగ కొట్టుండ్రి" అన్నాడు.