ప్రెస్సు కింద బేలు

పట్టపగలు, అలెగ్జాండ్రియా రేవులోని మినా అల్‌బసల్ పత్తి గోదాములో, సరుకు నాణ్యత తేల్చే గ్రేడర్ హబీబ్ మిఖాయిల్‌ని ఎవరో కాల్చి చంపారు. ప్రాణం పోయినా అతని పిడికిలి విడలేదు. అందులో కాస్త దూది ఉంది.

గూఢచారి శాఖ ఏజెంట్ మునీర్ వస్ఫీ ఆ దూదిలోంచి చిటికెడు తీసి పెన్నులో పెట్టాడు. చూడ్డానికే అది పెన్ను. నిజానికి మైక్రోస్కోపు.

"దూదిలో ఏముంటుంది, నీ మొహం!" పై అధికారి కర్నల్ రుష్దీ కసిరాడు. "విదేశీ ముఠా రేవులో ఏదో పేల్చబోతోందని మన వేగు నెవీన్ చెప్పింది. అదేంటో తేల్చు."

"ఆవిడ మన మనిషని ఎవరన్నారు?"

"నేనన్నాను. నోరు మూసుకుని చూడు."

మునీర్ చూశాడు. పత్తి పోగు కాయలో ఉన్నంతకాలం గుండ్రటి సన్న గొట్టం. కాయ పగిలి ఎండ తగిలితే లోపలి బోలు కుంగిపోయి, చదునైన రిబ్బనులా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలన్నీ ఇందులోనూ ఉన్నాయి. కానీ కాంతిని వడగట్టే పోలరాయిడ్ అద్దం తిప్పితే మంచి పత్తి రంగురంగులుగా మెరవాలి. ఇది బూడిదలా ఉంది. వేళ్లతో నలిపితే కరకరమంది.

"రూపం పత్తిదే సార్. పోగు గోడల్ని మాత్రం యాసిడ్ మార్చేసింది. ఇది గన్‌కాటన్, పేలుడు పత్తి. పొడిగా ఉండగా బేళ్లు అదిమే ప్రెస్సు దెబ్బ తగిలిందా, గోదాము లేచిపోతుంది!"

కర్నల్ ప్రెస్సు హాలు వైపు తిరిగాడు. హాలు నిండా కూలీలు ఉన్నారు.

గ్రీకు బేరగాడి వేషంలో మునీర్ హాల్లోకి దూరాడు. నాణ్యత చూస్తున్నట్టు ప్రతి బేలులోంచీ దూది లాగి నలిపాడు. అంతా మెత్తన. చివరికి, ప్రెస్సు కిందికి తోసిన వదులు బేలు కరకరమంది.

అదే క్షణంలో అతని వెన్నులో పిస్తోలు గుచ్చుకుంది.

"మీసం వంకరపోయింది మునీర్," ఆకుపచ్చ సిల్కు గౌనులో నెవీన్ నవ్వింది. "ముసలి కర్నల్ నిన్ను పంపాడా? గేటు దాకా నడు. నేను బయటపడ్డాక నీ ఇష్టం."

"హబీబ్‌నీ ఇలాగే నడిపించావా?"

"వాడు చెయ్యి పెట్టకూడని చోట పెట్టాడు. నువ్వూ అంతే, దరిద్రుడా!"

పైనుంచి ప్రెస్సు ఇనప పలక దిగుతోంది.

"హనఫీ బాబాయ్, ఆపు!" మునీర్ అరిచాడు. ప్రెస్సు తిప్పే హనఫీకి ఆ హోరులో ఏమీ వినపడలేదు.

మునీర్ గిర్రున తిరిగి ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు పేలి గుండు పైకప్పులోకి పోయింది. స్తంభానికున్న అగ్నిమాపక గొట్టం లాగి నీళ్లు వదిలాడు. ముందు ఆమె తడిసింది, తర్వాత బేలు. పత్తికి సహజంగా ఉండే మైనం పొర పోయిన ఆ పోగులు నీళ్లని గటగటా తాగేశాయి.

"ఏ గాడిదరా నా బేలు తడుపుతోంది!" హనఫీ తిట్టుకుంటూ లివరు లాగాడు. పలక బేలుకి బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది.

కూలీలు నెవీన్‌ని పట్టుకున్నారు.

"నా గౌను నాశనం చేశావు!" పళ్లు కొరికింది.

"సిల్కే కదా మేడమ్? ఫర్వాలేదు," మునీర్ మీసం పీకేశాడు. "ఇవాళ నా అనుమానమంతా కాటన్ మీదే."