ఎవరితో ఎవరు పంచుకుంటారు

అతను రాసిచ్చిన పేజీ మళ్లీ తిరిగొచ్చింది.

"ఇందులో తప్పేముందండీ?" అన్నాడు కెర్నెల్ ఇంజనీరు, ఆమె బల్ల ముందు నిలబడి. కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే మూల ప్రోగ్రామే కెర్నెల్; అది రాయడం అతని పని.

ఆమె ఆ ఆఫీసులో డాక్యుమెంటేషన్ రాస్తుంది. ఇంజనీర్ల కోడ్ ఏం చేస్తుందో అందరికీ అర్థమయ్యేలా చెప్పడం ఆమె పని. తనకు అర్థం కానిదే ఒక్క ముక్క ముందుకు కదలనివ్వదు.

"ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఈ రెండు కోర్లూ, చేతికందేలా పెట్టుకునే చిన్న క్యాష్ మెమరీని పంచుకుంటాయని రాశారు. ఆ సంగతి కెర్నెల్‌కి ఎవరు చెప్పారు?"

"ముందు ప్రాసెసర్‌నే అడుగుతుంది."

"అది చెప్పకపోతే?"

"బోర్డు తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాల్లో చూస్తుంది."

"అక్కడా లేకపోతే?"

"పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పంచుకుంటాయనుకుంటుంది."

"అనుకుంటుందన్నమాట. ఆ ముక్క పేజీలో ఎక్కడా లేదే."

కిటికీ బయట వాన మొదలైంది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తే అతనికి మాట తడబడుతుంది. ఈ ఆఫీసుకి వచ్చిన రోజు నుంచీ అదే వరస. కానీ రోజూ మధ్యాహ్నం ఆమే, టెస్టింగ్‌లో పనిచేసే పొడుగాయనా ఒకే డబ్బాలోంచి తింటారు. సాయంత్రం ఒకే గొడుగులో వెళ్తారు. ఇంకేం కావాలి? అతను ఆశ వదులుకుని, వేరే ఊరికి బదిలీ అడిగేశాడు.

"వెళ్లిపోతున్నారట?" అంది ఆమె, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"అవునండీ. ఇవాళ మేనేజర్ సంతకం పెడతారు."

"ఎందుకట?"

"ఎందుకంటే... మీరూ, ఆయనా..."

"ఏ ఆయన?"

"మీ డబ్బాలో తినే ఆయన."

ఆమె టైపింగ్ ఆపేసింది. తర్వాత గది అవతలికి కేకేసింది. "అన్నయ్యా, ఒకసారి ఇటు రా."

పొడుగాయన వచ్చాడు. "మళ్లీ ఏం పోగొట్టావ్?"

"మనిద్దరం ఒకే డబ్బాలో ఎందుకు తింటాం?"

"రెండోది నువ్వు బస్సులో వదిలేశావ్ కాబట్టి. అమ్మ ఇంకోటి కొననంది."

ఇంజనీరు ముఖం చూడాలి అప్పుడు. ఆమె మాత్రం తాపీగా అంది.

"మీ కెర్నెలే నయం. అడుగుతుంది, వివరాలు చూస్తుంది, ఏదీ దొరక్కపోతేనే ఊహిస్తుంది. మీరు తిన్నగా ఊహకే వెళ్లిపోయారు."

"ఇప్పుడు అడగొచ్చా?"

"అడిగి చూడండి."

"మీరంటే నాకిష్టం. మరి మీకు?"

"ఇష్టం లేకపోతే ఒక్క ముక్క లేదని పేజీని ఇన్నిసార్లు వెనక్కి పంపుతానా? ఇది పూర్తయితే మీరిక నా బల్ల దగ్గరికి రారుగా."

అతను సంతోషం పట్టలేక అలాగే నిలబడిపోయాడు.

పొడుగాయన అతన్ని ఎగాదిగా చూశాడు. "బావగారూ, ముందు మేనేజర్ దగ్గరికి పరిగెత్తండి. ఆయన పెన్ను తీస్తున్నాడు."

బదిలీ ఆపించుకుని అతను తిరిగొచ్చేసరికి ఆమె పేజీ పూర్తి చేసింది. చివర ఒక వాక్యం తనే చేర్చింది: "ఏ సమాచారమూ దొరకనప్పుడు కెర్నెల్ ఊహిస్తుంది. ఆ ఊహ తప్పు కావచ్చు."