వానొస్తే మూసేసే స్మారకం

"ఆ కన్నం జోలికొస్తే మర్యాద దక్కదు!"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. నడుం మీద చేతులు పెట్టుకుని గైడమ్మాయి నిలబడి ఉంది. జాతీయ స్మారకం గుమ్మటానికి నడినెత్తిన బండిచక్రమంత కన్నం ఉంది. దానికి అద్దం బిగించే పని మా నాన్నకొచ్చింది. కొలతలు నా ప్రాణానికొచ్చాయి.

"వాన లోపల పడి జనం జారుతున్నారటగా? అందుకే వానొస్తే మూసేస్తున్నారట. అద్దం పెడితే మీకేం పోయిందండీ?"

"నా ప్రాణం పోయింది! ఆ వెలుగు స్వేచ్ఛకి గుర్తు. నేల మీద ఈ గీతలు సూర్యకిరణాలు. చుట్టూ ఉన్నవి ఒక్కో రాష్ట్రం పంపిన రాళ్ళు. పెట్టండి అద్దం, ఆ రోజే ఉద్యోగం మానేస్తాను."

"కిరణాలు ఇంత వంకరగా ఉంటాయా?"

"కట్టినాయన్ని అడగండి! ఆయన పోయి ఏళ్ళయింది."

కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. అబద్ధమెందుకు, అక్కడికక్కడే మనసు పారేసుకున్నాను. అద్దం పెడితే ఈ పిల్ల వెళ్ళిపోతుంది. పెట్టకపోతే నాన్న నన్ను ఇంట్లోంచి వెళ్ళగొడతాడు.

ఇంతలో ఆకాశం నల్లబడింది.

"బయటికి నడవండి, తాళం వెయ్యాలి" అందామె. గుమ్మం చేరేలోగా కుండపోత! గొడుగు లేక ఇద్దరం గోడకి అంటుకుపోయాం.

కన్నంలోంచి వాన తిన్నగా నేల నడుమనున్న రాయి మీద పడింది. అక్కణ్ణుంచి గీతల్లోకి దిగింది. వంపులు తిరిగింది, విడిపోయింది, మళ్ళీ కలిసింది.

"అమ్మో! ఇవి కిరణాలు కాదండీ, నదులు!" ఆమె నా చెయ్యి పట్టి లాగింది. "అదిగో, ఆ పెద్ద వంపు! అది మా ఊరి నదే!"

ఒక్కో పాయ ఒక్కో రాష్ట్రం రాయిని చేరింది. ఇందాకటిదాకా బూడిద రంగులో ఉన్న రాళ్ళు తడిసి ఎర్రగా, పచ్చగా, తేనె రంగులో మెరిశాయి. వానొస్తే తలుపులు మూసేసేవారు కదా, ఇన్నేళ్ళూ ఎవరు చూశారు!

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మీరు దీన్ని మూసేస్తారుగా" అంది మెల్లగా.

అంతే, నాన్నకి ఫోన్ కొట్టాను. చేతులు తడి, స్పీకర్ పెట్టాను.

"నాన్నా, అద్దం వద్దు."

"మతి పోయిందా? ఆర్డరిచ్చేశాను!"

"ఈ కన్నం వాన కోసమే పెట్టారు నాన్నా. నడిచే చోట నేల గరుకు చేస్తే ఎవరూ జారరు. జనం జారకుండా ఏం చెయ్యాలో సర్కారుకి రాసిచ్చేది మనమేగా, అలాగే రాద్దాం."

నాన్న గొంతు తగ్గించాడు.

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఏ... ఏ అమ్మాయి?"

"పుట్టి బుద్ధెరిగాక నా మాటకి ఒక్కసారైనా ఎదురు చెప్పావా?"

ఇక దాచి ఏం లాభం? "ఇక్కడి గైడు నాన్నా. నాకు చాలా నచ్చింది. తనకింకా చెప్పలేదు."

ఆమె ఫోను మీదికి వంగింది. "ఇప్పుడు చెప్పారండీ."

నాన్న పకపకా నవ్వాడు. "చూడమ్మా, ఆ అద్దం ఇంకెక్కడైనా వాడుకుంటాను. ఈసారి వాన పడితే వీళ్ళమ్మని తీసుకుని వస్తాను. మీవాళ్ళనీ రమ్మను. తలుపులు మాత్రం మూసెయ్యకు తల్లీ."

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఇక ముయ్యనండీ" అంది.